‘చాలు’ అనే మాటకు ఒక లెక్క

తెలుగులో ‘చాలు’ అనే క్రియకు రెండు అర్థాలు ఉన్నాయి. సరిపోవడం ఒకటి, సమర్థత కలిగి ఉండడం మరొకటి. ‘అంతటి పనికి చాలను’ అనే పాత ప్రయోగంలో వినిపించేది ఆ రెండో అర్థమే. నలభై నుంచి యాభై అయిదేళ్ల మధ్య వయసులో ఒక కుటుంబం ఆర్థికంగా కుదురుగా ఉందా లేదా అని చూడడానికి ఈ రెండు అర్థాలూ అవసరమవుతాయి, ఎందుకంటే ఉన్న డబ్బు నెలకు సరిపోతున్నదా అనే ప్రశ్నతో పాటు, అనుకోని ఖర్చు వచ్చిపడితే తట్టుకునే శక్తి ఆ ఇంటికి ఉందా అనే ప్రశ్న కూడా ఆ వయసులోనే గట్టిగా ఎదురవుతుంది. అమెరికాలోని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2015లో ఆర్థిక శ్రేయస్సును నిర్వచిస్తూ నాలుగు లక్షణాలు చెప్పింది: రోజువారీ డబ్బు వ్యవహారం అదుపులో ఉండడం, ఆకస్మిక నష్టాన్ని భరించగలగడం, పెట్టుకున్న లక్ష్యాల వైపు సాగుతూ ఉండడం, నచ్చిన జీవితాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉండడం. ఇంత జీతం, ఇంత ఆస్తి అనే అంకె ఆ నిర్వచనంలో ఎక్కడా లేకపోవడం గమనించదగిన విషయం.

నడివయసులో మనసు దిగులుపడుతుందన్నది కేవలం లోకానుభవం మీద ఆధారపడిన మాట కాదు. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్, ఆండ్రూ ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు అనేక దేశాల సర్వేలను పరిశీలించి, జీవితం పట్ల తృప్తి యౌవనంలో ఎక్కువగా ఉండి, నలభైలలో అడుగుకు చేరి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతుందని 2008లో ప్రతిపాదించారు. అన్ని సమాజాలకూ ఇది వర్తించదని వాదించే పరిశోధకులూ ఉన్నారు. అంతకు ముందే 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్, ఒక దేశంలో ఆదాయం ఏళ్ల తరబడి పెరిగినా ప్రజల సంతోషం అదే మేరకు పెరగకపోవచ్చని చూపించారు. దీనికి చెప్పే కారణాలలో ఒకటి, మనిషి కొత్త సుఖానికి త్వరగా అలవాటుపడి దాన్ని మామూలు అవసరంగా లెక్కించడం. మరొకటి, తన స్థితిని పక్కవాడి స్థితితో కొలుచుకోవడం. అయితే ఈ పరిశోధనలను చూపి డబ్బుతో పనిలేదని చెప్పడం పెద్ద పొరపాటు. ఆదాయం పెరిగేకొద్దీ ఎక్కువమందిలో సంతోషం కూడా పెరుగుతూనే ఉంటుందని డేనియల్ కానెమన్, మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ తదితరులు 2023లో కలిసి ప్రకటించిన అధ్యయనం చెబుతున్నది. అరకొర జీతంతో నెల గడవని ఇంటికి తృప్తిని బోధించడం న్యాయం కాదు.

తెలుగు మధ్యతరగతి ఇంటి ఇబ్బంది చాలాసార్లు ఆదాయం తక్కువ కావడం కన్నా, ఆ ఆదాయం మీద మూడు తరాలకు ఉన్న హక్కులకు హద్దు ఏమిటో ఎవరూ పైకి చెప్పకపోవడం వల్ల వస్తున్నది. తల్లిదండ్రుల వైద్యం, పిల్లల చదువు, తమ సొంత ముసలితనం, ఈ మూడూ ఒకే జీతం నుంచి తీరాలి. వీటి నడుమ ఇంటి అప్పు ఉంటుంది. నలభయ్యేళ్ల వయసులో 50 లక్షల రూపాయలు, 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో తీసుకున్నవారి నెలవారీ వాయిదా సుమారు 43,400 రూపాయలు. మొదటి వాయిదాలో 35,400 రూపాయలకు పైగా వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది ఎనిమిది వేల లోపే. వాయిదాలో వడ్డీ భాగం కన్నా అసలు భాగం పెద్దదయ్యేసరికి దాదాపు పన్నెండేళ్లు గడుస్తాయి. అప్పటికి అప్పు తీసుకున్న మనిషికి యాభై రెండేళ్లు వస్తాయి, తీరవలసిన అసలు ఇంకా 30 లక్షల పైచిలుకు ఉంటుంది. అయితే ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టగలిగితే ఇదే అప్పు మూడేళ్లకు పైగా ముందుగా తీరుతుంది. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాలకు బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన కూడా వారికి అనుకూలంగానే ఉంది.

పిల్లల చదువు దగ్గర లెక్క మరింత కఠినమవుతుంది. ఇంటర్మీడియట్ నుంచే కార్పొరేట్ కళాశాలల ఫీజులు మొదలై, బీటెక్ తర్వాత అమెరికాలో ఎంఎస్ అనేసరికి, పెద్ద మొత్తంలో తీసుకునే విద్యారుణానికి పూచీకత్తుగా చాలాసార్లు సొంత ఇంటినో పొలాన్నో తనఖా పెట్టవలసి వస్తుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత పుట్టిన కాలంలో ఈ మూడో ఖర్చు లేదు. బిడ్డ చదువుకు ఎంతవరకు ఇవ్వగలమో, ఎంతకు మించి అప్పు చేయలేమో పదో తరగతి నాటికే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం ప్రేమ తక్కువై చేసే పని కాదు; ఆ మాట దాటవేసిన ఇళ్లలో, వృద్ధాప్యం కోసం దాచిన భవిష్యనిధిని మధ్యలోనే తీసి ఖర్చుపెట్టడం, ఆ లోటు అరవయ్యో ఏట పిల్లల మీదే భారంగా పడడం జరుగుతున్నాయి.

భవిష్యనిధిని కాపాడుకోవలసిన కారణం పింఛను లెక్కలో ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు 1995 నాటి పథకం కింద పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరులో నిర్ణయించిన 15,000 రూపాయల పరిమితి మేరకే చందా కట్టినవారికి, 35 ఏళ్ల సర్వీసుకు లెక్క కట్టినా నెలకు వచ్చేది 7,500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు నుంచి చేరిన ప్రభుత్వోద్యోగులకూ పాత పింఛను స్థానంలో చందా ఆధారిత పింఛను వచ్చింది. అంటే ఇప్పుడు నడివయసులో ఉన్న చాలామందికి, తండ్రుల తరం చూసిన పింఛను భరోసా లేదు.

ఇక్కడే ‘చాలు’ అనే మాటకు ఒక అంకె కావాలి. అప్పుల వాయిదాలు, చదువుల ఫీజులు వంటి ఎప్పటికో తీరిపోయే ఖర్చులను పక్కనపెట్టి, ఇద్దరు మనుషులు గౌరవంగా బతకడానికి నెలకు ఎంత అవుతుందో ముందుగా రాసుకోవాలి. నేడు 50,000 రూపాయలతో గడిచే ఇంటికి, ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే పదిహేనేళ్లకు సుమారు 1,20,000 కావలసి వస్తుంది. వైద్యం మాత్రం ఇలా నెలసరి లెక్కకు లొంగదు, అందుకే కంపెనీ ఇచ్చే బీమా ఉద్యోగంతో పాటే పోతుందని గుర్తుంచుకుని ఆరోగ్యం బాగున్నప్పుడే సొంత ఆరోగ్య బీమా తీసుకోవడం మేలు. అప్పటికే ఉన్న జబ్బులకు వర్తించడానికి పాలసీని బట్టి గరిష్ఠంగా 36 నెలలు ఆగవలసి రావచ్చు.

పతంజలి యోగసూత్రాలలో సంతోషం అయిదు నియమాలలో రెండోది. నియమం అంటే పట్టుదలతో పాటించే సాధన. వాడుక భాషలో ఆనందానికి పర్యాయపదమైన సంతోషానికి అక్కడ ఉన్నదానితో తృప్తిపడడం అని అర్థం. శౌచం, తపస్సుల సరసన దాన్ని నిలపడాన్ని బట్టి చూస్తే, తృప్తి దానంతట అదే వచ్చే భావమని ఆ శాస్త్రం అనుకోలేదు. నడివయసు గృహస్థుకు ఆ సాధన చాలా మామూలు రూపంలో ఎదురవుతుంది: జీతం పెరిగిన నెలలో పెద్ద కారుకు వాయిదా మొదలుపెట్టకుండా ఆ పెరుగుదలలో సగం అప్పుకు మళ్లించడం, బంధువుల ఇంట జరిగిన పెళ్లిని కొలతగా తీసుకోకుండా తమ ఇంటి పెళ్లికి ముందే ఒక మొత్తం అనుకుని భార్యాభర్తలిద్దరూ దానికి కట్టుబడడం, బ్యాంకు పుస్తకాలు, పాలసీలు, నామినీ వివరాలు ఇద్దరికీ తెలిసేలా ఒకే చోట ఉంచడం. చాలా ఇళ్లలో ఈ చివరి పని భర్త పోయిన తర్వాత, భార్య ఒంటరిగా కార్యాలయాల చుట్టూ తిరిగేటప్పుడు మొదలవుతున్నది.