పాలసీదారుల సొమ్ము – రాజకీయముల ఖర్చు

తమ సొమ్ము ఎట్లు వ్యయమగుచున్నదో సంఘసభ్యులు ఏటేట లెక్క చూచుకొనవలెను. చూడనిచో నేమి జరుగునో అమెరికా దేశపు ఈ వృత్తాంతము తెలుపును.

న్యూయార్కు లైఫ్ అను జీవిత భీమా కంపెనీకి వేరుగా వాటాదారులు లేరు. మన సంఘమునకు సభ్యులవలె దానికి పాలసీదారులే యజమానులు. 1905లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభ నియమించిన విచారణ సంఘము ఎదుట, న్యాయవాది ఛార్లెస్ ఇవాన్స్ హ్యూస్ ప్రశ్నింపగా, కంపెనీ ఉపాధ్యక్షులలో నొకడగు జార్జి పెర్కిన్సు, 1904 అధ్యక్ష ఎన్నికలలో రిపబ్లికన్ పక్షమునకు కంపెనీ ధనము 48,000 డాలర్లకు పైగా ఇచ్చినట్లు ఒప్పుకొనెను. ఆ ధనము పాలసీదారులు ప్రీమియముగా చెల్లించినది. వారిలో వేరు పక్షములవారును కలరు. వారి నెవ్వరును అడుగలేదు. పెద్ద భీమా కంపెనీలు రాష్ట్రములను తమలో పంచుకొని, తమకు గిట్టని బిల్లుల నడ్డగించుటకు శాసనసభలయొద్ద మనుష్యులను నిలిపిన సంగతియు బయటపడెను.

ఈ అలజడి ఫలితముగా 1907లో టిల్‌మన్ చట్టము పుట్టి, కేంద్ర ప్రభుత్వ ఎన్నికలలో కంపెనీలు విరాళములిచ్చుటను నిషేధించెను. అభ్యర్థులకు నేరుగా ఇచ్చుట నేటికిని నిషిద్ధమే. కాని 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పువలన కంపెనీలు స్వతంత్రముగా ప్రచారమునకు ఖర్చు చేయవచ్చును. శాసనకర్తలను ఒప్పించుటకు చేయు ఖర్చునకు నిషేధము లేదు. 1995 నాటి చట్టమును, 2007 నాటి సవరణను అనుసరించి మూడు నెలల కొకసారి దాని లెక్క ప్రకటింపవలెను.

చట్టము లెక్కను బయటపెట్టగలదు గాని చదువవలసినవాడు యజమానియే. కావున, రైతు సోదరులారా, సర్వసభ్య సమావేశమున జమాఖర్చుల పట్టిక చేతి కందినప్పుడు మడిచి రొంటిని దోపుకొనక, ప్రతి పద్దును గూర్చియు అడుగుడు.