పెద్దమనుషుల మాట, గ్రామసభ మాట: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో అధికార పంపిణీ - పరిశీలన

వ్యాససంగ్రహం:
1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం మొదలుకొని 2014 నాటి మండలాల బదలాయింపు వరకు ఖమ్మం, భద్రాచలం ప్రాంతం అనేక అధికార పంపిణీ వాగ్దానాలకు సాక్షిగా నిలిచింది. సమైక్యవాదం పట్ల ప్రజలలో పెరిగిన విసుగుకు మూలం వాగ్దానాలు లేకపోవడం కాదు, వాటికి పూచీ లేకపోవడం. రాష్ట్ర విభజన ఆ లోపాన్ని రాష్ట్ర స్థాయిలో సరిదిద్దినా అటవీ గ్రామాల స్థాయిలో అలాగే మిగిల్చింది. ఒప్పందం, స్థానికుడు, ముంపు, విలీనం, సంప్రదింపు, సమ్మతి అనే పదాల ప్రయోగాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ సంగతిని వివరిస్తుంది.

కీలక పదాలు: పెద్దమనుషుల ఒప్పందం, ప్రాంతీయ సంఘం, సమైక్యవాదం, ముల్కీ, ఐదవ షెడ్యూలు, పెసా, ముంపు మండలాలు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ ఉద్యమంపై వచ్చిన పరిశోధనలలో ఖమ్మం జిల్లాకు ఒక విచిత్రమైన స్థానం ఉంది. 1969 ఉద్యమం మొదట రాజుకున్నది ఇక్కడే. అయినా 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానాలలో 10 గెలుచుకోగా ఆ పదింటిలో ఖమ్మం లేదు. రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది శాసనసభ స్థానాలలో తెలంగాణ రాష్ట్ర సమితి 2014లో ఒక్క కొత్తగూడెం, 2018లో ఒక్క ఖమ్మం గెలిచింది. పేరు మార్చుకున్నాక 2023లో ఒక్క భద్రాచలం గెలిచింది.

దీనిని బట్టి ఈ జిల్లా సమైక్యవాదానికి అనుకూలమని తేల్చడం తొందరపాటు. విశాలాంధ్రను కోరిన కమ్యూనిస్టు ఉద్యమానికి ఇది బలమైన నేల. ఉద్యోగాల విషయంలో అన్యాయం జరిగిందని తొలుత గొంతెత్తిన నేల కూడా ఇదే. వీటికి తోడు అటవీ గ్రామాల ఆదివాసులకు ఈ రెండు వాదాలలో దేనిలోనూ పూర్తిగా ఇమడని ప్రశ్న ఒకటి ఉంది. అధికారం హైదరాబాదులో ఎవరి చేతిలో ఉన్నదన్న దానికన్నా అది తమ గూడెం దాకా వచ్చిందా అన్నదే ఆ ప్రశ్న.

2. పెద్దమనుషుల ఒప్పందం: మాట, పూచీ

1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగానే ఉంచాలని, తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. ఆ సూచనను పక్కనపెట్టి రెండు ప్రాంతాల నాయకులు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఒప్పందం చేసుకున్నారు. ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు సంతకాలు చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావాలి. మంత్రి పదవులు 60:40 నిష్పత్తిలో ఉండాలి. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణ అభివృద్ధికే ఖర్చు కావాలి. వ్యవసాయ భూముల అమ్మకంపై ప్రాంతీయ మండలి అదుపు ఉండాలి. ఇవి అందులోని ప్రధానాంశాలు.

ఈ ఒప్పందానికి స్థిరపడిన పేరు గమనింపదగినది. పల్లెలో పెద్దమనుషుల తీర్పు కాగితం మీద లేకపోయినా చెల్లుతుంది. అది రచ్చబండ దగ్గర పదిమంది ఎదుట జరుగుతుంది. మాట తప్పినవాడికి తప్పు వేస్తారు, అతడు కట్టక తప్పదు. అంటే అక్కడ మాటకు ఊరే పూచీ. 1956 ఒప్పందం ఆ పేరును తెచ్చుకున్నది గాని ఆ పూచీని తెచ్చుకోలేదు. ఒక పక్షం మాట తప్పితే రెండవ పక్షం ఎక్కడికి వెళ్లాలో అందులో లేదు. 1956 నవంబరు 1న ఏర్పడిన తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు.

ఒప్పందంలోని ప్రాంతీయ మండలి ఆచరణలో ప్రాంతీయ సంఘమైంది. ఈ పేరు మార్పుతో పాటు బరువూ తగ్గింది. రాజ్యాంగంలోని 371వ అధికరణం కింద 1958లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా తెలంగాణ శాసనసభ్యులతో ఈ సంఘం ఏర్పడింది. స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య, వ్యవసాయం, చిన్న పరిశ్రమలు వంటి అంశాలు దాని పరిధిలోకి వచ్చాయి. సంఘానికీ ప్రభుత్వానికీ భేదాభిప్రాయం వస్తే గవర్నరు నిర్ణయమే తుది నిర్ణయం. ఐదవ షెడ్యూలు కింద ఆదివాసీ ప్రాంతాల రక్షణ కూడా గవర్నరు చేతిలోనే ఉంది. తెలంగాణకు, అందులోని ఆదివాసులకు ఇచ్చిన రెండు రక్షణలూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయాయి. ఆ గుమ్మం తట్టవలసినవారు మాత్రం వేరువేరుగా ఉండిపోయారు.

3. పాల్వంచ, ఖమ్మం: 1969

1969 ఉద్యమానికి తొలి కారణం పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రంలో స్థానికేతరుల నియామకాలు. అక్కడి ఉద్యోగుల అసంతృప్తి జిల్లా కేంద్రానికి చేరింది. ఆ జనవరిలోనే ఖమ్మంలో విద్యార్థి అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహారదీక్షకు కూర్చున్నారు. జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం కుదిరింది. స్థానికేతరులను వెనక్కి పంపడానికీ తెలంగాణ మిగులు నిధుల లెక్క తేల్చడానికీ ప్రభుత్వం అంగీకరించింది. కుమార్ లలిత్ నివేదిక ఆ మిగులును 34.10 కోట్ల రూపాయలుగా, తరువాత భార్గవ కమిటీ 28.34 కోట్లుగా లెక్కగట్టాయి. అంకెలలో తేడా ఉన్నా ఒక విషయంలో రెండూ ఏకీభవించాయి. ఇచ్చిన మాట తప్పడం కేవలం ఆరోపణ కాదు, ఖాతాలలో కనిపించే వాస్తవం.

విద్యార్థులలో ఒక వర్గం రక్షణల అమలును కోరితే మరొక వర్గం ప్రత్యేక రాష్ట్రమే కావాలన్నది. రక్షణలు అమలైతే కలిసి ఉండవచ్చుననే వాదానికి అప్పటికి ఇంకా చోటు ఉన్నదనడానికి ఇది ఆధారం. ఆ చోటును మూసివేసినవి తరువాతి పరిణామాలు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు నివాసార్హత చట్టంలోని కీలక సెక్షనును కొట్టివేసింది. 1972 అక్టోబరులో అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. ఈసారి ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 సెప్టెంబరు 21న వచ్చిన ఆరు సూత్రాల పథకంతో ముల్కీ నిబంధనలూ ప్రాంతీయ సంఘమూ రద్దయ్యాయి. బలహీనంగానైనా చట్టబద్ధంగా ఉన్న ఏకైక అధికార పంపిణీ వేదిక ఆ విధంగా ముగిసింది.

4. స్థానికుడు ఎవరు?

ఈ చరిత్ర అంతటికీ ఇరుసు ‘స్థానికుడు’ అనే పదం. అయితే ఈ పదానికి చట్టంలో ఒకే అర్థం లేదు. ముల్కీ నిబంధనల ప్రకారం పదిహేనేళ్ల నివాసం ఉన్నవాడు స్థానికుడు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ ప్రాంతంలో వరుసగా నాలుగేళ్లు చదివినవాడు ప్రధానంగా స్థానికుడు. 2000 జనవరి 10న వచ్చిన మూడవ నెంబరు జీవో ప్రకారం 1950 జనవరి 26 నుంచి తానో తన తల్లిదండ్రులో షెడ్యూల్డు ప్రాంతంలో నివసిస్తున్న ఆదివాసి స్థానికుడు.

మొదటి రెండు నిర్వచనాలకు కోయ గూడెంలో పుట్టినవాడూ పదిహేనేళ్ల కిందట మైదానం నుంచి వచ్చి అక్కడ భూమి కొన్నవాడూ ఒకటే. పాల్వంచ పరిసరాలలో ఉద్యోగాల కోసం సాగిన వివాదంలో స్థానికుడంటే తెలంగాణవాడు. ఆ కేంద్రం చుట్టూ ఉన్న అడవిలో తరతరాలుగా బతికినవాడికి ఆ పదంలో ప్రత్యేకమైన చోటు దొరకలేదు. ఆ చోటు ఇచ్చిన మూడవ నిర్వచనం ఉపాధ్యాయ నియామకాలకే పరిమితం. దానినీ సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది.

5. ఆలస్యంగా వచ్చిన ప్రాంతీయ మండలి

2009 నవంబరు 29న నిరాహారదీక్షకు బయలుదేరిన కల్వకుంట్ల చంద్రశేఖరరావును అరెస్టు చేసి తీసుకువచ్చింది ఖమ్మం జైలుకే. డిసెంబరు 9న కేంద్రం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియను ప్రకటించింది. డిసెంబరు 23న వెనక్కి తగ్గింది. తరువాత నియమితమైన శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30న ఆరు మార్గాలతో నివేదిక ఇచ్చింది. అందులో మొదటి ప్రాధాన్యం రాష్ట్రాన్ని సమైక్యంగా ఉంచి, చట్టబద్ధమైన అధికారాలతో తెలంగాణ ప్రాంతీయ మండలిని ఏర్పరచడానికి దక్కింది.

సూచనగా చూస్తే అది 1956 మండలి కన్నా బలమైనది. అయినా తెలంగాణవాదులు దానిని తోసిపుచ్చారు. 1956లో రాసుకున్న మండలి సంఘమైంది, ఆ సంఘం 1973లో మాయమైంది. మూడవసారి అదే మాట విన్నవారికి సూచన గుణదోషాల కన్నా చెప్పేవారి పట్ల నమ్మకమే ముఖ్యమైంది. సమైక్యవాదం ఓడిపోయింది వాదబలం లేక కాదు. తాను స్వయంగా రాసుకున్న షరతులను తానే పాటించకపోవడం వల్ల ఓడిపోయింది.

6. ముంపు మండలాలా, విలీన మండలాలా?

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి గోదావరి జిల్లాకు మారాయి. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో హద్దు మరోసారి కదిలింది. పోలవరం ప్రాజెక్టు కోసం 2014 మే 29న రాష్ట్రపతి పాలన సాగుతున్న సమయంలో వచ్చిన ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం కుకునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలను, బూర్గంపాడులో కొంత భాగాన్ని, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపాయి.

ఈ భూభాగానికి రెండు పేర్లున్నాయి. తెలంగాణలో ముంపు మండలాలు అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో విలీన మండలాలు అంటారు. ఒకటి పోగొట్టుకున్నవారి మాట, రెండవది పొందినవారి మాట. అక్కడే ఉన్నవారి మాట ఈ రెండింటిలోనూ లేదు. 2014 ఏప్రిల్ 30న ఆ మండలాల ప్రజలు ఓటువేసి ఎన్నుకున్న శాసనసభ్యులు తెలంగాణ సభలో కూర్చున్నారు. ఓటు వేసినవారు ఆంధ్రప్రదేశ్ నివాసులయ్యారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలలో వారికి ఓటు దక్కింది 2019లో. అధికార పంపిణీ గురించి అరవై ఏళ్లు వాదించిన రెండు ప్రాంతాల నడుమ ఒక ఆదివాసీ ప్రాంతం ఐదేళ్లపాటు తానున్న రాష్ట్ర శాసనసభలో తన ప్రతినిధి లేకుండా ఉండిపోయింది.

ఇది చట్టవిరుద్ధం కాదు, చట్టంలోని ఖాళీ. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలన్నది. 2013 భూసేకరణ చట్టం అక్కడ ముందస్తు సమ్మతి కావాలన్నది. సంప్రదింపుకూ సమ్మతికీ భేదం పెద్దది. అడిగి కాదన్నా తీసుకోవడం మొదటిదానిలో సాధ్యం, రెండవదానిలో సాధ్యం కాదు. కానీ ఎకరం భూమి తీసుకోవడానికి అడగవలసిన గ్రామసభను, ఊరినే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మార్చేటప్పుడు అడగనక్కరలేదు. రాష్ట్రాల హద్దులు మార్చే మూడవ అధికరణంలో శాసనసభ అభిప్రాయానికి చోటుంది, గ్రామసభకు లేదు.

దీని ఫలితం భద్రాచలం చుట్టూ కనిపిస్తుంది. రామాలయం తెలంగాణలో ఉండగా పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న కోరిక తరచు వినవస్తున్నది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరి, 1986 నాటి 75.6 అడుగుల తరువాత అత్యధిక మట్టాన్ని తాకినప్పుడు ఆ కోరిక మరింత బలపడింది.

7. ఉత్తర ఐర్లండ్ పోలిక

అధికార పంపిణీకి ప్రపంచంలో ప్రసిద్ధ ఉదాహరణ ఉత్తర ఐర్లండ్. 1998 ఒప్పందం ప్రకారం అక్కడ బ్రిటన్‌తో ఐక్యతను కోరేవారు, ఐర్లండ్‌తో కలయికను కోరేవారు కలిసే ప్రభుత్వం నడపాలి. ప్రధానమంత్రి స్థానీయుడు, అతని సహచరుడు సమానాధికారులు. ఒకరు తప్పుకుంటే రెండవవారూ తప్పుకోవాలి. అందువల్ల 2017 నుంచి 2020 వరకు, మళ్లీ 2022 నుంచి 2024 ఫిబ్రవరి వరకు ప్రభుత్వం స్తంభించింది. రెండవసారి అలా నిలిపివేసింది ఐక్యతావాద పక్షమే. ప్రజల విసుగు దానిమీదకూ మళ్లింది.

ఇక్కడి 1956 ఒప్పందంలో బలహీన పక్షానికి ఆపే శక్తి లేదు. అక్కడ ఏ పక్షమైనా అంతా ఆపివేయగలదు. లోపాలు పరస్పర విరుద్ధాలు. పోలిక మరొకచోట కలుస్తుంది. అక్కడ సభ్యులు ఐక్యతావాదులమో జాతీయవాదులమో ఇతరులమో నమోదు చేసుకోవాలి. ఉభయ వర్గాల సమ్మతి అవసరమైన తీర్మానాలలో ‘ఇతరుల’ ఓటుకు బరువు తక్కువ. రెండు పక్షాల నడుమ అధికారాన్ని పంచే ఏ ఏర్పాటైనా మూడవవారిని లెక్క వెలుపల ఉంచే ప్రమాదం ఉంది. ఇక్కడి కోయలు, కొండరెడ్లు ఆ మూడవవారు.

8. ముగింపు

1. సమైక్యవాదం పట్ల విసుగుకు ప్రధాన కారణం ప్రాంతాభిమానం ఒక్కటే కాదు. రాసుకున్న రక్షణలకు అమలుచేయించే యంత్రాంగం లేకపోవడం దానికన్నా బలమైన కారణం.
2. ఖమ్మం జిల్లా ఎన్నికల తీరును సమైక్య, ప్రత్యేక వాదాల కొలమానంతో మాత్రమే అంచనా వేయలేము. వామపక్ష సంప్రదాయం, ఆదివాసీ ప్రశ్న అక్కడ వేరుగా పనిచేస్తున్నాయి.
3. 2014 విభజన తెలంగాణకు అధికారం తెచ్చింది. అదే ఏడాది జరిగిన మండలాల బదలాయింపు ఆ అధికారం గ్రామసభ దాకా రాలేదని చూపింది.
4. భద్రాచలం చుట్టూ ఉన్న పంచాయతీల విషయంలో రెండు రాష్ట్రాలూ ముందుగా చేయవలసింది అక్కడి గ్రామసభల తీర్మానాలను కోరడం. ఆ తీర్మానాలు ఎటు మొగ్గినా వాటికి విలువనివ్వాలి.

పెద్దమనుషుల మాటకు ఒకనాడు ఊరు పూచీగా ఉండేది. రాష్ట్రాల నడుమ జరిగే ఒప్పందాలకు కూడా ఆ పూచీ ఊరి నుంచే రావాలన్నది ఈ పరిశీలన సారాంశం.