ఉచిత మాయాలోకం – దాని వెల

మానవుడు కథాప్రియుడు. కళ్ళెదుట ఉన్న లోకం చాలక, లేని లోకాన్ని ఊహించుకొని అందులో విహరించడం అతనికి అనాదిగా అలవాటు. తెలుగువారికి ఈ అభిరుచి మరింత ఎక్కువ. విక్రమార్కుని భుజంపై నుండి భేతాళుడు చెప్పిన కథలు వింటూ పెరిగిన జాతి ఇది. 1947లో ప్రారంభమైన ‘చందమామ’ పత్రిక రాక్షసులను, రాకుమారులను ఇంటింటికీ పరిచయం చేసింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రంలో తోటరాముని సాహసాలకు ఆంధ్రదేశం ముగ్ధమయింది. అయితే వీటన్నిటిలోను సాహసం చేసేవాడు కథానాయకుడు. పాఠకుడు, ప్రేక్షకుడు సాక్షులు మాత్రమే. ఆ కథలోకి స్వయంగా ప్రవేశించి, ఖడ్గం చేతబట్టి మాంత్రికుని ఎదిరించే అవకాశాన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ కల్పించింది.

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఒక పాత్రను ధరించి ఆడే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. దానికి కావలసినవి కాగితం, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఇటువంటి ఆటను కంప్యూటరులో నిర్మించడం మొదలుపెట్టాడు. తరువాత రిచర్డ్ బార్టిల్ దానిని విస్తరించాడు. అందులో బొమ్మలు లేవు. ఉత్తరానికి వెళ్ళమని, దీపం తీసుకొమ్మని అక్షరాలతో ఆజ్ఞాపించాలి. ఒకే మాయాలోకంలో పలువురు ఒకేసారి సంచరించగలగడమే దాని ప్రత్యేకత. 1997లో ‘అల్టిమా ఆన్‌లైన్’, 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆ లోకానికి రంగులద్దాయి. వీటిని ఆడేవారు నెలనెలా రుసుము చెల్లించేవారు.

నెలసరి రుసుము చెల్లించగలిగేవారు కొందరే. అందుచేత కొన్ని సంస్థలు మరొక మార్గాన్ని అనుసరించాయి. 2003లో దక్షిణ కొరియాలో ప్రారంభమైన ‘మేపుల్‌స్టోరీ’ వంటి ఆటలలో ప్రవేశం ఉచితం. లోపల ధరించే దుస్తులకు, వాడుకొనే వస్తువులకు వెల కడతారు. జాతరకు టిక్కెట్టు లేకపోయినా రంగులరాట్నానికి డబ్బు తీసుకోవడం వంటిదే ఈ పద్ధతి. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. 2016 తరువాత భారతదేశంలో మొబైల్ డేటా చౌక కావడంతో పల్లెలకూ చేరింది.

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని అనుమసముద్రంపేట దర్గాకు ప్రసిద్ధి. గంధ మహోత్సవానికి దూరప్రాంతాల నుండి యాత్రికులు అక్కడికి తరలివస్తారు. ఆ ఊరి నుండి బస్సులో ఆత్మకూరుకు వెళ్ళి ఇంటర్ చదువుకొనే ఒక విద్యార్థి, వేసవి సెలవుల్లో తండ్రి ఫోనులో ఇటువంటి ఆటను ప్రయత్నించి చూశాడని అనుకుందాం. పేరు, రూపం, ఆయుధం తానే ఎంచుకుంటాడు. అడవులు, జలపాతాలు, డ్రాగన్లు, ఎగిరే ద్వీపాలు ఎదురవుతాయి. ఆ ఊరికి అంత దూరం కాని ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో వశపరచుకున్నాడు. ఆటలో మొదటి కోట పది నిమిషాలలోనే లొంగిపోతుంది. అడుగడుగునా బంగారు నాణేలు, ప్రశంసలు లభిస్తాయి.

ఈ ఔదార్యం కారణం లేనిది కాదు. ఆట నిర్మాతలు మొదటి గంటను తేనెలో ముంచి అందిస్తారు. రెండవ రోజు నుండి పద్ధతి మారుతుంది. ప్రతిదినం హాజరైతే బహుమానం ఉంటుంది. ఒక్కరోజు తప్పితే ఆ వరుస తెగుతుంది. పాత్రకు ఇచ్చిన శక్తి కొంతసేపటికి అయిపోతుంది. అది తిరిగి నిండేదాకా వేచి ఉండాలి, లేదా వజ్రాలు ఖర్చుపెట్టాలి. ఆ వజ్రాలను అసలు రూపాయలతో కొనాలి. రూపాయి వజ్రంగా మారగానే తాను ఎంత ఖర్చు చేస్తున్నాడో ఆడేవానికి స్ఫురించదు. మరికొన్ని వస్తువులు మూడు రోజులే దొరుకుతాయని గడియారం హెచ్చరిస్తూ ఉంటుంది. ఒక దండులో చేరితే, రాత్రి యుద్ధానికి రాకపోతే తోటివారు ఏమనుకుంటారోనన్న మొహమాటం తోడవుతుంది.

మన పెద్దలు ఆడిన వైకుంఠపాళిలోనూ నిచ్చెనలు, పాములు ఉన్నాయి, అదృష్టమూ ఉంది. కాని పరమపదం చేరగానే ఆట ముగుస్తుంది. పటం మడిచి లోపల పెడతారు. ఈ కొత్త ఆటకు పరమపదం లేదు. ఒక మెట్టు ఎక్కితే మరొక మెట్టు పుడుతుంది. ఆడేవాడు ఆగిపోతే వ్యాపారమూ ఆగిపోతుంది కనుక, ముగింపు లేకుండా ఉండడమే దాని నిర్మాణ రహస్యం.

ఇటువంటి ఆటలలో అధిక సంఖ్యాకులు ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయరు. కొద్దిమంది చేసే ఖర్చుతోనే సంస్థ నడుస్తుంది. అయినా ఉచితంగా ఆడేవారు సంస్థకు భారం కారు. వారు లేకపోతే ఆ లోకం నిర్మానుష్యమవుతుంది. డబ్బు పెట్టి కొన్నవానికి తన ఖడ్గాన్ని చూపుకొనడానికి మనుషులుండరు. కనుక ఉచితంగా ఆడేవాడు కూడా తన కాలాన్ని మూల్యంగా చెల్లిస్తూనే ఉన్నాడు.

కొన్ని ఆటలలో కోరిన పాత్రను నేరుగా అమ్మరు. డబ్బు ఇచ్చి అదృష్టాన్ని పరీక్షించుకోవాలి. 2020లో విడుదలైన ‘గెన్షిన్ ఇంపాక్ట్’లో అత్యున్నత శ్రేణి పాత్ర ఒక ప్రయత్నంలో లభించే ప్రాథమిక సంభావ్యత 0.6 శాతం. గణితం చదివిన విద్యార్థి లెక్క వేయవచ్చు. వందమంది పదేసిసార్లు ప్రయత్నిస్తే సుమారు 94 మందికి అది దక్కదు. తొంభైయవ ప్రయత్నానికి మాత్రం తప్పక లభిస్తుంది. ఆ హామీయే మధ్యలో మానివేయనీయదు.

ప్రభుత్వాలు ఈ విషయాన్ని గుర్తించాయి. డబ్బుతో కొనే ఇటువంటి అదృష్టపు పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం నిర్ణయించింది. 2025 జనవరిలో అమెరికా వాణిజ్య సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ‘గెన్షిన్ ఇంపాక్ట్’ సంస్థ రెండు కోట్ల డాలర్లు చెల్లించడానికి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్ళలోపు వారికి అటువంటి పెట్టెలు అమ్మకుండా ఉండడానికి అంగీకరించింది. మన దేశంలో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి డబ్బు గెలుచుకొనే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మాయాలోకపు ఆట డబ్బు తీసుకొంటుందే కాని తిరిగి ఇవ్వదు. అందువల్ల చట్టమే కాపాడుతుందని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

ఇంతమాత్రాన ఈ ఆటలన్నీ త్యాజ్యాలని భావించరాదు. అపరిచితులతో కలసి వ్యూహం పన్నడం, ఓటమిని తట్టుకోవడం, ఇంగ్లీషు సూచనలను అర్థం చేసుకోవడం వీటివల్ల అలవడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆడడాన్ని రోగమనలేదు. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో అది ‘గేమింగ్ డిజార్డర్’ను చేర్చి, మూడు లక్షణాలు చెప్పింది. ఆటపై అదుపు తప్పడం, ఇతర పనులన్నిటికంటె ఆటకే ప్రాధాన్యమివ్వడం, నష్టం తెలిసినా మానలేకపోవడం. ఇవి జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీస్తూ, సాధారణంగా పన్నెండు నెలలపాటు కొనసాగినప్పుడే దానిని రుగ్మతగా పరిగణిస్తారు.

కనుక ఉచిత ఆటను ప్రయత్నించదలచినవారు మొదటి రోజే కొన్ని నియమాలు ఏర్పరచుకోవాలి. ఎంతసేపు ఆడాలో ఆట ప్రారంభించక ముందే నిర్ణయించుకోవాలి. తల్లిదండ్రుల యు.పి.ఐ. ఖాతాను ఆటతో జోడించరాదు. పాత్రకు సొంత పేరు, ఊరు, ఫోను నంబరు పెట్టరాదు. వారానికి ఒక రోజు కావాలనే హాజరు మానివేయాలి. ఆ రోజు మనస్సు కలత చెందకపోతే ఆట వినోదంగానే ఉన్నట్లు. కలత చెందితే ఆడేవాడు ఆట చేతిలో పాత్రగా మారుతున్నాడని గ్రహించాలి.

సంతలో సరుకు కొనేటప్పుడు ధర అడగడం మనకు తెలుసు. ధర లేదని చెప్పిన చోట మరింత జాగ్రత్తగా అడగడం నేర్చుకోవాలి. ఖడ్గం ఎప్పుడు చేతబట్టాలో తెలిసినవాడు యోధుడే కావచ్చు. ఎప్పుడు దించాలో కూడా తెలిసినవాడే ఆ మాయాలోకానికి నిజమైన విజేత.