పొరుగు కణముల సందేశము

వర్షాకాలమున మన గౌతమీతీరమందలి గుంటలలో, జిగురువంటి పదార్థమున నల్లని చుక్కలవలె తేలు కప్పగ్రుడ్లను విద్యార్థులు చూచియే యుందురు. ఫలదీకరణము చెందిన ప్రతి గ్రుడ్డును ఒకే కణము. అది రెండుగను, నాలుగుగను, ఎనిమిదిగను చీలుచు కొలది దినములలో తోకకప్ప యగును. ఒకే కణమునుండి పుట్టిన వానిలో కొన్ని చర్మమును, కొన్ని కన్నును అగుటకు కారణమేమని మా తరగతులలో పిల్లలు అడుగుచుందురు.

నుదుటి వ్రాతవలె ప్రతి కణమునకును దాని గతి ముందే నిర్ణయమై యుండునని తోచును. చాలవరకు అట్లు కాదు. ఇంకను రూపము నిశ్చయము కాని మూలకణములకు పొరుగు కణములు పంపు సందేశములే దారి చూపును.

1901లో జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ స్పెమాన్ ఒక జాతి కప్ప పిండమున, మెదడునుండి ఉబ్బి కన్ను కావలసిన భాగమును ఒక ప్రక్కన వేడిసూదితో నశింపజేసెను. ఆ ప్రక్క పైచర్మమున కంటి కటకము ఏర్పడలేదు. లోపలినుండి పిలుపు రాలేదు గనుక చర్మము చర్మముగనే మిగిలెను. 1924లో ఆయనయు, శిష్యురాలు హిల్డె మాంగోల్డును ఒక నీటిబల్లి పిండపు ముక్కను వేరొక పిండమున అతికింపగా, అచ్చటి కణములును చేరి రెండవ పిండము రూపొందసాగెను. 1935లో స్పెమానునకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ సందేశములు చాలవరకు ప్రోటీనులు. అవి కణము పైనుండు గ్రాహకమునకు, తాళమునకు చెవివలె, తగులును. వార్త లోపల చేతులు మారుచు కేంద్రకమును చేరి కొన్ని జన్యువులను మేల్కొలుపును, కొన్నిటిని నిద్రబుచ్చును. కటకము ఏర్పడుటకు బీఎంపీ, ఎఫ్‌జీఎఫ్ అను వర్గముల ప్రోటీనులు అవసరమని ఎలుక పిండములపై జరిగిన పరిశోధనలలో తేలినది.

ఈ సంభాషణ పిండదశతో ముగియదు. మన నల్లగ్రుడ్డు అంచున గల మూలకణములు, పొరుగు కణముల ఆదరణచే నిలిచి, కార్నియా పైపొరను నిత్యము క్రొత్తగా చేయుచుండును. సున్నము పడి ఆ అంచు కాలినచో చూపు మసకబారును. 1987లో హైదరాబాదున వెలసిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు ఇందుకొక సులభపద్ధతిని 2012లో ప్రకటించిరి. మంచికంటి అంచునుండి చిన్నముక్క తీసి, తునుకలు చేసి, చెడిన కంటిపై పరచిన ఉమ్మనీటిసంచి పొరమీద నాటుదురు. రెండు కన్నులును కాలినచో తీయుటకు మంచికన్నే యుండదు.

కావున తాంబూలపు సున్నమును పిల్లలకు అందనీయరాదు. కంట పడినచో నలుపక, తక్షణమే శుభ్రమైన నీటితో చాలసేపు కడిగి, వైద్యునియొద్దకు కొనిపోవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.