దంతములను దిద్దు తీగలు



కొన్నాళ్ల క్రిందట ఒక పెద్దమనిషి తన మనుమరాలిని మా దంతవైద్యశాలకు వెంటబెట్టుకొని వచ్చెను. మాఘమాసమున ఆమె వివాహము. “అయ్యా, ఆ తీగను మరికొంత గట్టిగా బిగింపరాదా? పెండ్లినాటికి పని తీరిపోవును గదా!” అని ఆయన నన్నడిగెను. నేను వైద్యుడను గాను. వైద్యునకు పనిముట్లందించు సహాయకుడను. ఐనను ఆ తీగలు ప్రతిదినమును నా చేతిమీదుగా పోవునవే గనుక, ఆయనతో చెప్పిన మాటలనే నేడు మీకును విన్నవించెదను.

పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి యుండలేదు. వేరునకును ఎముకకును నడుమ సన్నని నారపొర కలదు. దాని మందము మిల్లీమీటరులో సుమారు నాలుగవపాలు. తీగ పంటిని మెల్లగా ఒత్తినచో, ఒత్తిడి గలిగిన వైపున ఎముక కరగును, రెండవవైపున క్రొత్త ఎముక ఏర్పడును. ఇట్లు పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగును. అతిగా బిగించితిమా, పొరలోని రక్తనాళములు నలిగి నెత్తురు పారుట నిలిచిపోవును. అప్పుడు పన్ను కదలకపోవుటయే గాక, వేరు కొన అరిగిపోవచ్చును.

1728లో ఫ్రాన్సు దేశపు పియరీ ఫోషార్, లోహపు పట్టీకి పండ్లను దారముతో కట్టి సరిచేయు విధమును గ్రంథస్థము చేసెను. 1928లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆంగిల్ నేటి పద్ధతికి మూలమైన అమరికను ప్రకటించునాటికి బంగారు మిశ్రమపు తీగ వాడుకలో నుండెను. పిమ్మట తుప్పుపట్టని ఉక్కు వచ్చెను. ఖర్చు భరించువారు అందులకు విచారింపరు. 1970 తరువాత నికెలును టైటానియమును కలిపిన తీగ వచ్చెను. ఈ లోహము అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో పుట్టినది. ఈ జాతిలో కొన్ని తీగలను చల్లబరచినచో మెత్తబడి వంకర పండ్ల వెంట వంగును. నోటివేడి తగిలినంతనే తమ పూర్వపు ఆకారమునకు మరలజూచుచు పండ్లను తమవెంట తెచ్చును.

మొదట ఎక్కించు గుండ్రని తీగ తరచుగా అంగుళములో వెయ్యింట 14 పాళ్ల లావుండును. లావు రెట్టింపైనచో బిగువు రెట్టింపు గాదు, 16 రెట్లగును. కంటికి మాత్రము 14యు 18యు ఒక్కటే! పనిలో చేరిన తొలియేట నేను ఒకనాడు మెత్తని తీగకు బదులు 18 ఉక్కుతీగను పళ్లెములో నుంచితిని. వైద్యుడు వ్రేళ్లతో వంచిచూచి కనిపెట్టెను. లేకున్న ఒక బాలుడు ఆ రాత్రి నిద్ర ఎరుగకుండును. నాటినుండి పొట్లముమీది అంకెను బిగ్గరగా చదివిగాని తీగ నందింపను.

తీగ కొనను కత్తిరించుటకు, తెగిన తునకను పట్టియుంచు కత్తెర వేరుగా కలదు. తునక గొంతులోనికి జారరాదు. పిదప కొనను వ్రేలితో తడిమి చూతుము. ఇంటివద్ద బుగ్గకు గ్రుచ్చుకొన్నచో మేమిచ్చిన మైనము నద్ది, మరునాడు రావలెను. ఇంటిలోని పటకారుతో మీరు సాహసింపవలదు. చెరకు నమలుటయు, జంతికలు కొరుకుటయు మానవలెను. తీగ తీసిన పిమ్మటను, పండ్లు వెనుకకు మరలకుండ వైద్యుడిచ్చు అమరికను చాలకాలము ధరింపవలెను.

ఇదంతయు విని ఆ పెద్దమనిషి కొంతసేపు ఊరకుండెను. పిదప, “అట్లయిన తీగతోనే పీటలమీద కూర్చుండును” అనెను. అంతవరకు నోటికి పమిట అడ్డుపెట్టుకొనియున్న మనుమరాలు చేయి దించి నవ్వెను.