బ్రహ్మంగారి తొలి శిష్యకోటి

కాలజ్ఞానం వినని తెలుగు లోగిలి ఉండదు. అందులోని జోస్యాలను ఉత్సాహంగా చెప్పుకొంటాం గాని, ఆ పలుకులను మొదట ఆలకించినవారెవరో అంతగా తలచుకోం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చుట్టూ చేరినవారు, లోకాచారం ప్రకారం ఒకే అరుగుపై కూర్చోవలసినవారు కారు.

నంద్యాలకు పడమటనున్న బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట స్వామి పశువులకాపరిగా కుదిరారు. ఆలమందను రవ్వలకొండకు తోలి, అక్కడి గుహలో తాళపత్రాలపై కాలజ్ఞానం రచించారని సంప్రదాయం. సంగతి తెలిసిన నాడు యజమానురాలే ఆయనకు శిష్యురాలయింది. అన్నాజయ్య అనే బ్రాహ్మణుడూ ఆ ఊళ్లోనే ఆయనను గురువుగా వరించాడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు వైపు సాగే దారి కందిమల్లాయపల్లెకు, అంటే నేటి బ్రహ్మంగారిమఠానికి చేరుస్తుంది. అక్కడ స్వామి వడ్రంగంతో జీవించారు. ఆళ్లగడ్డ శిల్పుల వలెనే ఆయనా విశ్వకర్మ సంప్రదాయంలో పెరిగినవారు. ముడుమాల దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్ధయ్య ఇక్కడే ఆయనను ఆశ్రయించాడు. కన్నవారు తల్లడిల్లి నవాబుకు మొరపెట్టుకొన్నారు. సిద్ధయ్య నమస్కారానికి బండరాయి పగిలిందన్న కథ అందరికీ తెలిసినదే. నా మటుకు, ఆ మహిమకన్నా కొడుకు దూరమైన ఆ తల్లిదండ్రుల దుఃఖమే ముందుగా మనసుకు తగులుతుంది.

కక్కయ్య కథ మరీ కఠినం. దేహంలోని చక్రాలలో దేవతలు కొలువుంటారని స్వామి బోధించగా విన్న ఈ మాదిగ భక్తుడు, అది నిజమో కాదో చూడాలని భార్య దేహాన్నే చీల్చాడట. ఏమీ కానరాక, నీ మాట బూటకమని గురువునే నిలదీశాడట. స్వామి ఆగ్రహించలేదు. వెంట వెళ్లి, ఆ దేవతలను చూపి, ఆమెను బ్రతికించారని చెబుతారు. ఈ ఘట్టాన్ని ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఒక్కటి గమనించాలి. ఊరి వెలుపల ఉంచిన వాని చెవిన యోగరహస్యం పడింది. వాడు గురువును ప్రశ్నించగలిగాడు. జవాబు కోసం గురువే వాని గుడిసెకు నడిచాడు.

1693 వైశాఖ శుద్ధ దశమినాడు స్వామి జీవసమాధి చెందారని మఠ సంప్రదాయం. ఆనాడు పూలు తెమ్మని సిద్ధయ్యను బనగానపల్లెకు పంపారట. అతడు తిరిగివచ్చేసరికి సమాధి మూతపడింది. శిష్యుని విలాపానికి కరిగి స్వామి మళ్లీ దర్శనమిచ్చి, పాదుకలు, యోగదండం అనుగ్రహించారంటారు. ముడుమాలలోని సిద్ధయ్య సమాధిని భక్తులు నేటికీ సేవించుకొంటున్నారు.