హాజరు పట్టీలో పేరు

పొద్దున్నే హాజరు పిలుస్తూ టీచరు ఒక మగపేరు చదువుతారు. తను ఆడపిల్లనని తెలుసుకున్న పదమూడేళ్ల బిడ్డ ‘ప్రెజెంట్ మేడమ్’ అనడానికి తటపటాయిస్తుంది. వెనక బెంచీలో కిసుక్కున నవ్వు. ట్రాన్స్‌జెండర్ అన్న మాట వినగానే మనవాళ్ల ఆలోచన ఆపరేషన్ల మీదికో, సిగ్నళ్ల దగ్గర చప్పట్ల మీదికో పోతుంది. ఆ పిల్లల బతుకు ఎటు తిరుగుతుందన్నది మాత్రం అంతకన్నా చాలా ముందే, ఈ పిలుపు దగ్గర తేలుతుందని నా వాదన. తను చెప్పుకున్న పేరుతో ఇల్లూ బడీ పిలిస్తే ఆ బిడ్డ చదువూ ప్రాణమూ నిలిచే అవకాశం పెరుగుతుంది.

ఇది జాలితో అంటున్న మాట కాదు. అమెరికాలో 15 నుంచి 21 ఏళ్ల వయసున్న ట్రాన్స్ యువత 129 మందిని పరిశీలించిన అధ్యయనం 2018లో అచ్చయింది. ఇల్లు, బడి, పనిచోటు, స్నేహితులు, వీటిలో కోరుకున్న పేరు చెల్లే చోటు ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ఆత్మహత్యకు పాల్పడే ధోరణి 56 శాతం తక్కువగా కనిపించాయి. అలా పిలిచే ఇంట్లో ప్రేమ కూడా ఎక్కువే ఉంటుంది కదా, మేలంతా పేరుదేనా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పరిశోధకులు ఆ అండను లెక్కగట్టి పక్కన పెట్టి చూశారు. అప్పటికీ తేడా మిగిలింది. ఇక మన దగ్గర 2011 జనగణనలో ‘ఇతరులు’గా నమోదైన 4,87,803 మందిలో అక్షరాస్యత 56 శాతం, దేశ సగటు 73. బడి ఎవరిని వదిలించుకుందో ఆ తేడాయే చెబుతోంది.

చట్టం సంగతి చూస్తే, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో కోర్టు ఆదేశం లేకుండా బిడ్డను కన్నవారి నుంచి వేరు చేయరాదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం పన్నెండో సెక్షన్‌లో రాశారు. మంచి మాటే, కొట్టే చెయ్యి ఆ ఇంట్లోదే కానంతవరకు. మైనరుకు గుర్తింపు పత్రం కావాలన్నా దరఖాస్తు పెట్టాల్సింది అమ్మానాన్నలో సంరక్షకులో. టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తెచ్చిన శిక్షణ పుస్తకాన్ని గొడవ రేగగానే వెబ్‌సైట్ నుంచి తీసేశారు.

‘వయసు పొంగు, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది’ అంటారు. కొందరి విషయంలో అలా జరగొచ్చు కూడా. అప్పుడు పాత పేరుతో మళ్లీ పిలవొచ్చు, పోయేదేమీ లేదు. బెల్టు దెబ్బలు, భూతవైద్యుల చుట్టూ తిప్పడం, పెళ్లి చేస్తే కుదురుకుంటాడని ముడిపెట్టడం, వీటిని వెనక్కి తీసుకోలేం. ‘ఇదంతా విదేశీ మోజు’ అనేవాళ్లకు నిజాం రాజ్యమే జవాబు. ఆడబట్టలతో వీధిలో కనిపించిన ట్రాన్స్‌జెండర్లను వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చని హైదరాబాద్‌లో వందేళ్ల కిందటే, 1329 ఫసలీలో, చట్టం చేశారు. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో కొట్టేసింది. మోజు అయితే అప్పట్లో ఎవరిని పట్టుకోవడానికి ఆ చట్టం? అన్నిటికన్నా బరువైనది ‘నలుగురూ ఏమంటారు’ అన్న భయం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. చెల్లెలి పెళ్లి సంబంధం దాకా పోతుంది ఆ మాట. కానీ బిడ్డ ఇల్లు విడిచి రైలెక్కిన రాత్రి వెతకడానికి ఆ నలుగురిలో ఒక్కరూ రారు.

హాజరు పట్టీలో పేరు మార్చాలంటే కాగితాలు కావాలి. నోటితో పిలవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. మాస్టార్లూ, టీచరమ్మలూ, రేపు ఆ బిడ్డను పక్కకు తీసుకెళ్లి ఏ పేరుతో పిలవమంటావని అడగండి. ఇంట్లో తెలుసా అని కూడా అడగండి.